పగటి వెలుతురులో

ముందు చూసింది నేనే.
పదకొండేళ్ళుగా రంగుల దుకాణంలో పని నాది.
గోడపెచ్చు తెచ్చి చూపిస్తే చాలు
ఆ రంగే డబ్బాలో కలిపి ఇస్తాను.
ఆదివారం హాడాక్ పులుసు వడ్డిస్తుంటే
కంచం అంచున దయామణత్త వేళ్ళు
నా దగ్గరున్న ఏ అట్టముక్కలోనూ లేని రంగులో.

"ట్యూబులైటు అలాంటిది" అంది.
లైటు ఆర్పేశాను.
"స్వెట్టరు పసుపుది కదే, దాని నీడ."
విప్పించాను. నీడ ఒంటి మీదే ఉండిపోయింది.
"అయితే క్యారెట్లు. నవంబరు నుంచీ రోజూ ఆ సూపే."

క్యారెట్ల మాట నమ్మాలనిపించింది.
అరచేతులకీ అరికాళ్ళకీ నారింజ పూసినా
కంటి తెలుపు జోలికి పోదు క్యారెట్టు.
ఆ సంగతి నాకు చెప్పింది ఆవిడే,
నా కొడుకు ముక్కు బత్తాయి తొక్కలా తిరిగిన ఏడు.

ముప్ఫైమూడేళ్ళు ఈ గ్రిమ్స్‌బీలో
చేపల రేవు వాళ్ళ బిడ్డల్ని భూమ్మీదికి దించింది.
పసిముక్కు కొసని బొటనవేలితో నొక్కి వదిలి
నెత్తురు తిరిగొచ్చే లోపు
అడుగున ఏ రంగుందో చూసేది.
మూడోనాటి పచ్చ అయితే ముద్దు పెట్టుకో,
మొదటినాటిదైతే పరుగెత్తు, అనేది.
కళ్ళకి గుడ్డకట్టి నీలి దీపాల కింద పడుకోబెట్టి
"పచ్చగా ఉండు నాన్నా" అని తెలుగులో దీవించేది.
తల్లులు అదేదో ప్రార్థన అనుకునేవారు.

నా దుకాణంలో ఆకురంగు ఈ గోడకి, పసుపురంగు ఆ గోడకి.
మన మాటలో రెంటికీ ఒకటే డబ్బా.
దీవెనా అందులోంచే,
కామెర్లూ అందులోంచే.

నర్సాపురం నుంచి అమ్మ ఫోను:
నేలుసిరి నూరి మజ్జిగలో ఇవ్వండి,
లేదంటే మణికట్టు మీద చిన్న చురక.
అత్త నవ్వింది.
"మా చిన్నాన్నకి వేశారు చురక.
కామెర్లు వాటంతటవే పోయాయి,
పుండు మాత్రం ఆర్నెల్లుంది."

తర్వాత, డ్యూటీ దిగే నర్సు
ఎక్కే నర్సుకి అప్పజెప్పినట్టు, గొంతులో ఏమీ లేకుండా:
"పైత్యపు తిత్తిలో రాయి కావచ్చు. అయితే పోటు ఉండాలి.
కిందటి నెల దగ్గుకి మింగిన యాంటీబయాటిక్ కావచ్చు,
కొన్ని ఆపేశాక కూడా వారాల తర్వాత పట్టుకుంటాయి.
బి పన్నెండు తగ్గితే నిమ్మపండు ఛాయ.
నెత్తురు లోపల్లోపలే విరుగుతుండొచ్చు.
లివరే అలిసిపోయి ఉండొచ్చు, ఎనభై ఒకటి కదా."
పులుసులో ముల్లు వెతుకుతూ ఆగింది.
"నొప్పి లేని పచ్చ ఒకటుంటుంది."
దాని పేరు చెప్పలేదు.
నొప్పుందా అని నేనడగలేదు.

అప్పుడు కనిపించాయి ఒక్కొక్కటే.
రేవు వైపు కిటికీ దగ్గరుండే కుర్చీ
గోడ వారకి జరిగింది.
నడవాలో అద్దానికి కోటు వేలాడుతోంది.
దిండు పక్కన చెక్క స్కేలు,
వీపు గోక్కుని గోక్కుని అంచు నునుపెక్కింది.
నాకంటే ముందే చూసింది ఆవిడ.
ఎన్నాళ్ళ ముందో.

సోమవారం ఎనిమిదింటికి
సర్జరీకి ఫోను. వరసలో మీరు పదిహేడో వారు.
చెవిలో ఏదో వయొలిను.
అత్త తానే కుర్చీని కిటికీకి ఈడ్చుకుంది,
నేను పట్టబోతే వద్దంది.
"కామెర్లవాడికి లోకమంతా పచ్చనట.
అబద్ధం. నాకు సముద్రం బూడిదగానే ఉంది."

కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని
కింది రెప్పని బొటనవేలితో లాగి పట్టుకుంది.
"ఇటు రా. దీపం కాదు, పగటి వెలుతురు.
ఏం రంగు?"

పద్నాలుగో వారు, అంటోంది ఫోను.

చెప్పాను. కస్టమరుకి చెప్పినట్టే,
ఎంత పసుపు, అందులో ఎన్ని చుక్కల ఆకుపచ్చ.

"ఊఁ" అంది, రెప్ప వదిలేసి.
"లైను కట్టవనీకు.
మూత్రం టీ డికాషన్ రంగని కూడా చెప్పు.
వాళ్ళు అడగరు."