రద్దయిన పొన్నలంక

గెజిట్‌లో ఒక్క వాక్యం:
పొన్నలంక నియోజకవర్గం రద్దు చేయడమైనది.
చేయడమైనది. ఎవరు చేశారో చెప్పనక్కర్లేని క్రియ.
ముప్పై తొమ్మిదేళ్ళు తాలూకా కచేరీలో
నేనూ ఆ క్రియతోనే అన్నం తిన్నాను.

పాత పరిచయం మీద రికార్డు గది తీయించుకున్నాను.
పచ్చ అట్ట రిజిస్టరు, కొబ్బరిపీచు తాడు.

యాభై అయిదు. అప్పట్లో మనిషికో పెట్టె,
పెట్టె మీద వాడి బొమ్మ.
నిచ్చెన పెట్టె బోర్లిస్తే ఓట్లతో పాటు
పసుపు పూసిన అర్ధణా ఒకటి,
పిల్లలు కలగాలని మొక్కుకున్న చీటీ ఒకటి రాలాయట.
మా పెద్ద గుమాస్తా వాటినీ వదల్లేదు:
"ఇతరములు, రెండు."

అరవై రెండుని చెదలు తినేశాయి.
పేర్లు పోయి ఇంటిపేర్లు మిగిలాయి.
అదేమంత నష్టం కాదులెండి,
ఆ రోజుల్లో పోటీ చేసేవి ఇంటిపేర్లే.

ఇక అరవై ఏడు.
ఈ పేజీ ముట్టుకునే ముందు
నా చెయ్యి తనంతట తానే పంచెకి తుడుచుకుంటుంది.

గంట గుర్తు కలిదిండి తిరుపతిరాజు గారిది,
రెండు బియ్యం మిల్లులు, ఒక జీపు.
గొడుగు గుర్తు పెమ్మాడి గంగన్నది,
ఒక పడవ. అదీ బావగారిది.
మైకు తడిసి మూగబోతే
లంక లంకకీ శంఖం ఊదుకుంటూ తిరిగాడు.

మార్కెట్ గోదాములో, పెట్రోమాక్సు వెలుగులో
పద్దెనిమిది వేల నూట నాలుగు.
పద్దెనిమిది వేల నూట నాలుగు.
మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ అంతే.
లాకులో నీళ్ళు రెండు వైపులా సమమయ్యాక
తలుపు తెరిచేలోపు పడవ ఒక్క క్షణం ఆగుతుందే,
అలా ఆగిపోయింది గోదాము.

చీటీలు వెయ్యమంది చట్టం.
ఆఫీసరు గారి చూపు అందర్నీ దాటి
పంతొమ్మిదేళ్ళ టెంపరరీ గుమాస్తా మీద వాలింది.
"నీకు ఓటు లేదుగా, నువ్వు తియ్యి."

ఖాళీ లక్క డబ్బాలో రెండు మడతలు.
ఒకదాని అంచుకి లక్క అంటి గరుకుగా తగిలింది.
నున్నగా ఉన్నదాన్ని తీశాను.
అంతే. యాభై ఏళ్ళుగా అడుక్కుంటున్నా
అంతకన్నా కారణం దొరకలేదు.

గంట మోగింది.
గంగన్న దగ్గరికొచ్చి నా అరచెయ్యి తిప్పి చూశాడు.
"చెయ్యి మంచిదేనయ్యా, చేపే పళ్ళేదు."

ఆ అయిదేళ్ళలో రాళ్ళకట్ట వచ్చింది,
పడమటి గట్టుకి, మిల్లుల వెంబడి.
ఏరు తిరిగి లంక వైపు ఒరిసింది.

ముప్పై ఒకటో బూతు, లంక ఎలిమెంటరీ బడి.
అరవై ఏడులో ఆరువందల పన్నెండు ఓట్లు.
డెబ్బై ఎనిమిదిలో నాలుగొందల చిల్లర.
వరద తర్వాత, ఎనభై తొమ్మిదిలో,
బూతుని గట్టు మీది తాటాకు పందిట్లోకి మార్చారు.
ఓటర్లు గట్టెక్కారు. లంక ఎక్కలేదు.
జాబితాలో మాత్రం ఇంటి నంబర్లు పాతవే.
నీళ్ళ అడుగున ఉన్న గుమ్మాలకి
వరస తప్పకుండా స్లిప్పులు రాసింది నేనే.

గంగన్న మరో మూడుసార్లు నిలబడ్డాడు,
మూడుసార్లూ ధరావతు కట్టి, మూడుసార్లూ పోగొట్టుకున్నాడు.
చివరిసారి రెండొందల పదకొండు.
తర్వాత పేజీల్లో జీపులు కార్లయ్యాయి,
రాజుగారి కొడుకు, కొడుకు బావమరిది,
నాకు పెద్దగా గుర్తు లేదు.

ఇప్పుడు కాలవ నడుం మీద పెన్సిలు గీత:
ఉత్తరం ఒకరికి, దక్షిణం ఒకరికి.
మునిగిన లంక ఎవరి వాటాకొచ్చిందో
మ్యాపు చూశాను. గీత మందాన అక్కడ ఏమీ కనపళ్ళేదు.

అరవై ఏడు పేజీలో, కుడి చివర
"విశేషములు" గడి ఖాళీగా ఉంది.
పెన్ను అడిగాను.
"రద్దయిపోయిందాంట్లో ఏం రాత్తారండీ"
అంటూనే ఇచ్చాడు రికార్డు కుర్రాడు.
సిరా లేదు అందులో.
అయినా అదిమి రాశాను:
గరుకు చీటీ గొడుగుది.

కంటికి ఆనదు.
వేలితో తడిమితే తగుల్తుంది.