నీలిగళ్ల గుడ్డ

పదకొండేళ్లు దానికి పేరుంది, ఉనికి లేదు.
ట్రామ్సోలో, మూడో అంతస్తులో,
గాజుపెట్టె మీద నీలిగళ్ల గుడ్డ కప్పి
పైన ఒక పూలకుండీ పెట్టేదాన్ని.
పొగ అలారం సరిచూడ్డానికి వచ్చినవాడు
"మంచి బల్ల" అన్నాడొకసారి.
బల్ల లోపల నాలుగడుగుల మొక్కజొన్న పాము
ఊపిరి కూడా పొదుపుగా వాడుకుంటోంది.

కానెల్ అంటే మా భాషలో దాల్చినచెక్క.
రంగు అదే. చుట్టుకునే తీరూ అదే.

తర్వాత చట్టం మారింది.
పంతొమ్మిది పేర్లతో జాబితా వేశారు,
ఇవి పెంచుకోవచ్చు, మిగతావి కూడదని.
బస్సు డిపోలో, కాఫీ చల్లారిపోతుంటే,
ఒక్కో పేరూ వేలితో దాటుకుంటూ వెళ్లాను
పరీక్ష ఫలితాల్లో నంబరు వెతుక్కున్నట్టు.
ఉంది.
స్టీరింగు ముందు కూర్చుని ఏడ్చాను,
బస్సు తీయడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది.
ఆ సాయంత్రం గుడ్డ తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి
సొరుగులో పెట్టేశాను.

డిసెంబరు. సూర్యుడు ఊరొదిలి మూడు వారాలు.
రాత్రి డ్యూటీ దిగి వస్తే
పెట్టె మూత వేలెడంత పక్కకి జరిగి ఉంది.
తప్పు నాదే. నీళ్లు మార్చి గొళ్లెం మరిచాను.

దొంగతనంగా పెంచిన రోజుల్లోనూ ఒకసారి ఇలాగే పోయింది.
అప్పుడు ఐదు రాత్రులు నోరు నొక్కుకుని
ఒక్కదాన్నే మోకాళ్ల మీద పాకాను.
ఫ్రిజ్ వెనక, మోటారు పక్కన దొరికింది.
చలిదేశంలో పాముని వెతకడమంటే
వెచ్చదనాన్ని వెతకడమేనని అప్పుడే తెలిసింది.

ఈసారి ఫ్రిజ్ వెనక లేదు. బాయిలరు దగ్గర లేదు. బూట్లలో లేదు.
పడుకునేముందు గడపగడపకీ గోధుమపిండి చల్లాను.
పొద్దున (పొద్దున అనాలి గనక అంటున్నాను)
స్నానాలగది పైపు చుట్టూ పిండిలో
ఒక వంకర గీత. పైకి.

పాము నాకు ముందే ఉంది.
చట్టం కొత్తగా ఇచ్చిందల్లా ఇదీ:
పక్కింటి గంట నొక్కి
"మా పాము తప్పిపోయింది,
విషం లేదండి, సిగ్గెక్కువ" అని
మామూలు గొంతుతో చెప్పగలగడం.

కింది ఇంటి ఎరిత్రియా పిల్లలు, సెనాయిత్, యోనాథన్,
టార్చిలైట్లు పట్టుకుని మెట్లన్నీ గాలించారు.
వాళ్లమ్మ కుర్చీ ఎక్కి
దిగకుండానే ఆజ్ఞలిచ్చింది.

నాలుగో అంతస్తులో సోల్‌ఫ్రిడ్, ఎనభై రెండేళ్లావిడ,
తలుపు బెత్తెడు తెరిచింది.
"మా ఇంట్లో పాముల్లేవు."
మూడు రోజులూ అదే బెత్తెడు, అదే మాట.
నాకా బెత్తెడు బాగా తెలుసు.
పదకొండేళ్లు నేను తెరిచిందీ అంతే.

నాలుగో రాత్రి తనే వచ్చి తట్టింది.
"చప్పుడు చెయ్యకుండా రా."

పడగ్గది మూల, ఎర్రదీపం కింద
పళ్లెమంత తాబేలు.
ఓడలో వంటవాడిగా పనిచేసిన భర్త
ఏదో దక్షిణపు రేవులో కొని కోటుజేబులో తెచ్చాడట,
యాభై ఏళ్ల కిందట.
ఆయన పోయాడు. ఇది పాలకూర తింటోంది.
దాని జాతి పేరు జాబితాలో ఉందో లేదో
చూసే ధైర్యం ఆవిడకి లేదు.
కాగితమైతే ఏనాడూ లేదు.

తాబేలు డిప్పకి ఆనుకుని,
దీపంలో సగం వాటా తీసుకుని,
నా దాల్చినచెక్క చుట్ట.
కాగితాలున్నది
లేనిదాని ఇంట తలదాచుకుంది.

"మొదటిరోజే చూశాను," అంది సోల్‌ఫ్రిడ్.
"నీది తీసుకెళ్లడానికొస్తే నాది చూస్తావని..."
మిగతా మాట మింగేసింది.

కానెల్‌ని మెడలో వేసుకుని దిగివచ్చాను.
అప్పుతెచ్చుకున్న వేడి
దాని ఒంట్లో ఇంకా ఉంది.
పెట్టెలో వదిలి, గొళ్లెం రెండుసార్లు చూసి,
సొరుగు లాగాను.
మడత నలగని నీలిగళ్ల గుడ్డ.
కిటికీ దగ్గర్నించి పూలకుండీ కూడా తీసుకుని
మళ్లీ మెట్లెక్కాను.

అలారం మనిషి మంగళవారం వస్తాడు,
చెప్పాలి ఆవిడకి.