నడుమ ప్లేటు

సాలూరు బైపాసులో మా కాటా.
ఘాటీ దిగొచ్చిన లారీ ఏదైనా
కాలిన బ్రేకుల వాసనతో
ముందు మా ఇనప పలక మీద నిలబడాల్సిందే.

పదిహేడేళ్ళు ఆ పలక చెప్పిన బరువుని
చీటీ చేసి ఇచ్చింది ఒకటే ప్రోగ్రాం.
రాసినాయన కిలపర్తి మాస్టారు.
విజయనగరం నుంచి బస్సులో వచ్చి
మూడు రాత్రులు ఈ గదిలోనే కూచుని
అటుకులు నములుతూ రాశాడట.
తూచే ముందు ప్రతిసారీ అది అడిగేది,
ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట:
"డ్రైవరు దిగినాడా?"
దిగాడంటే సరే.
లేదంటే మారు మాటాడకుండా
అరవై కిలోలు తీసేసేది.
ఆయన లెక్కలో మనిషంటే అరవై.

మొన్న శ్రావణం ఉరుముకి పాత కంప్యూటరు పోయింది.
కొత్తది వచ్చింది, అప్పడమంత పల్చగా.
సీడీ మింగడానికి నోరే లేదు దానికి.
పెన్‌డ్రైవులో ఎక్కించి
సెటప్ మీద రెండుసార్లు నొక్కితే
నీలం గడి ఒకటి లేచి మర్యాదగా అంది:
"ఈ యాప్ మీ పీసీలో నడవదు.
తగిన వెర్షన్ కోసం ప్రచురణకర్తను సంప్రదించండి."

సంప్రదించాను.
సీడీ కవరు మీద ఊరి కోడు, పక్కన ఆరంకెలు.
ఆ నంబరు వాడుకలో లేదంది ఒక ఆడగొంతు.
మాస్టారు వాడుకలో లేక నాలుగేళ్ళు.

కుడివైపు నొక్కి,
పాత విండోస్ లాగా నటించమన్నాను.
నటించింది కాసేపు,
పోర్టు కనపడక చతికిలబడింది.
నిర్వాహకుడిగా నడపమంటావా అని అడిగింది.
నేనే నిర్వాహకురాలిని,
నెలకి తొమ్మిది వేలు, నైటు డ్యూటీతో సహా.
ఈలోగా యాంటీవైరసు లేచి
మాస్టారి ఫైలుని దొంగనుకుని లోపలేసింది.

బయట అల్లం లారీలు, నీలగిరి దుంగల లారీలు,
హారన్ల మీద హారన్లు.
యజమాని కొడుకు వేరేది చూపించాడు, నెలకింత అద్దె.
క్షణంలో తూచేసింది.
ఏదీ అడగలేదు.
అదే నచ్చలేదు నాకు, ఎందుకో చెప్పలేకపోయాను.

ఎదుటి షెడ్డులో లారీలకి బాడీలు కట్టే తవుడు మావ
టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.
"ఏటే దాలీ, ఏటయింది?"
చెప్పాను. సగం కూడా అర్థమవలేదు ఆయనకి.
అయినా తల గోక్కుని అన్నాడు:
"కొత్త చాసిస్ మీద పాత బాడీ ఎడితే
కన్నాలు కలుత్తాయేటే? కలవవు.
అలగని చాసిస్‌కి కన్నాలెయ్యకూడదు,
బాడీని కొయ్యకూడదు.
నడుమ ఒక ప్లేటెయ్యాల.
కింద కన్నాలు దానియి, పైన కన్నాలు దీనియి.
అంతే, బేగి కానీ."

ఆ రాత్రి
కొత్త యంత్రం కడుపులో ఉత్తుత్తి యంత్రం ఒకటి కట్టాను.
దాని గోడల లోపల పాత విండోస్ పోశాను.
నాలుగొందల యాభై పెట్టి తెప్పించిన కన్వర్టర్ కేబుల్
ఆర్టీసీ పార్శిల్లో వచ్చింది,
ఒక కొస కొత్తదానికి, ఒక కొస కాటాకి.
తెల్లారుగట్ల మూడున్నరకి
తెర మీద పచ్చగడ్డి గుట్ట, పైన నీలం ఆకాశం.
ఎప్పుడో విన్న ఆ మోత వినగానే
గదిలో అటుకుల వాసన వేసిందంటే నమ్మరు.

తేదీ మాత్రం నిలబడటం లేదు.
ఎన్నిసార్లు దిద్దినా లోపలి యంత్రం
తన కాలానికే పారిపోతోంది.
చీటీ మీద పెన్నుతో కొట్టేసి రాస్తున్నాను.

మొదటి లారీ కొరాపుట్‌ది, అల్లం.
పలక కిర్రుమంది. అంకెలు ఊగి ఆగాయి.
"డ్రైవరు దిగినాడా?"
కిటికీలోంచి చూశాను.
స్టీరింగు మీద తలానించి నిద్రపోతున్నాడు,
ఎంత లేదన్నా తొంభై ఉంటాడు.
పక్క సీట్లో క్లీనరుకి బదులు
కాళ్ళు ముడుచుకుని ఒక మేకపిల్ల.

లేదు అని నొక్కాను.
అరవై తీసేసింది.
మేకకి మాస్టారు గడి పెట్టలేదు.
చీటీ వెనక్కి తిప్పి, పెన్నుతో రాశాను:
మేక, ఒకటి.