కిటికీ సీటు

పదకొండేండ్ల సంది దుబాయిని
ముంగటి అద్దంలకెల్లే చూసిన.
ఏ సడక్ ఏడ చీలుతదో నా ముంజేతులకు ఎరుక,
ఏ మాల్ కింద ఏ మూలకు బండి పెడితే
ఎండ తగలదో ఎరుక.
గని ఏ మేడకు ఎన్ని అంతస్తులని అడిగితే
నాకు తెల్వదు.
మెడ ఎత్తెటాళ్ళకు సిగ్నల్ పచ్చవడుతది,
వెనక హారన్ మోగుతది.

కఫీల్ ఇంటిల్లిపాది పెండ్లికని
రాస్ అల్ ఖైమా పోయిండ్రు.
కొత్తగ లైసెన్సు అచ్చిన చిన్న కొడుకు
నేనే తోల్త అని మంకువట్టిండు.
"ఇయ్యాల నీకు సెలవు" అన్నడు ముసలాయన.
తాళంచెవి ఇచ్చినంక
జేబు రెండుమార్లు తడుముకున్న.

పక్క విల్లాల వంటజేసే బక్కన్న,
నిర్మల్ దిక్కోడు,
ఇస్త్రీ అంగీ ఏసుకొని, చంకల అరటిపండ్ల కవరుతోని
గేటుకాడ నిలబడ్డడు.
"యాడికి?"
"యాడికని లేదు. ఊకె చూద్దాం."

మెట్రోల ముంగటి పెట్టెకు రెట్టింపు పైసలు.
బక్కన్న లెక్కజేసిండు, గొణిగిండు, ఎక్కిండు.
అందరికన్న ముంగటి సీట్లు మాయే.
ఎదురుంగ నిలువెత్తు అద్దం,
స్టీరింగ్ లేదు, తోలెటోడు లేడు.
రైలు తనంతల తానే ఉరుకుతుంటే
మలుపు మలుపుకు నా కుడికాలు
లేని బ్రేకు తొక్కుతనే ఉన్నది.
"ఇగ ఇడువరాదే, అది నీ కాలు మాట ఇంటదా?"
అని బక్కన్న నవ్విండు.
ఏడు స్టేషన్లు దాటినంక
కాలు తిమ్మిరెక్కి పండుకున్నది.

కింద పెద్ద సడక్.
బండి వెనక బండి, వరుస పక్కన వరుస,
అండ్ల నా అసొంటోళ్ళు
ముంగటి బండి ఎర్రలైటు మీదనే చూపు పెట్టుకొని.

అగో, ఆ బిల్డింగు!
ఆరేండ్లు గురువారం గురువారం
మేడమ్ పండ్ల డాక్టరు కాడికి పోతే
దాని కిందనే ఆగుతుంటి.
దాని మెట్ల మూల తెలుసు,
చెత్తడబ్బా తెలుసు,
చెవి తెగిన పిల్లి నన్ను గుర్తువడుతది.
దాని నెత్తిన నీలపు గుమ్మటం ఉన్నదని
ఇయ్యాలనే చూసిన.
"బక్కన్నా, చూడు" అనేలోపే
రైలు దాటేసింది.
నేను మాత్రం మెడ తిప్పుకొని
కనవడ్డంత సేపు చూసిన.

దేరా బజార్ల సుగంధాల సందు.
గంపల కుప్ప పోసిన పసుపును
బక్కన్న రెండేళ్ళతోని నలిపి, వాసన చూసి,
"ఇది మా ఆర్మూర్దే" అన్నడు.
ఇరాన్ సేటు కాదని ఒట్టువెట్టిండు.
గడియసేపు కొట్లాట.
ఆఖరుకు ఏమీ కొనలే.
సేటు తలా ఒక దాల్చిన చెక్క చేతుల పెట్టి
పొమ్మని నవ్వుకుంట మొక్కిండు.

దాన్ని నములుకుంట అబ్రా ఎక్కినం.
ఒక్క దిర్హముకు ఒడ్డు దాటిస్తది పడవ.
నడుమ గుంతల కూసున్న చిట్టగాంగ్ పిలగాడు
కాలుతోనే చుక్కాని తిప్పుతుండు,
చేతులు చిల్లర ఏరుతున్నయ్.
అవుతలి ఒడ్డుకు పోయినం.
దిగలే.
ఇవుతలికి అచ్చినం, మల్ల దిగలే.
నాలుగోసారికి పిలగాడు అడిగిండు:
"ఏమన్న పోగొట్టుకున్నరా?"
"లేదు భాయ్, చూస్తున్నం."
వాడు చుట్టూ నీళ్ళ దిక్కు చూసిండు,
ఏమున్నది ఈడ అన్నట్టు.
బక్కన్న వానికి అరటిపండు ఇచ్చిండు.

పొద్దుగూకే యాళ్ళకు ఫోను.
చిన్న సాబు.
తెలిసిన సడక్ మూసేసిండ్రట,
మ్యాపు తిప్పిందే తిప్పుతున్నదట,
ఎనక సీట్ల మేడమ్ కేకలు ఇనవడుతున్నయ్.
కండ్లు మూసుకున్న.
పడవల కూసోనే
నా రెండు చేతులు గాలిల తిరిగినయ్.
"సీదా పో సాబ్. రెండో కుడి.
పెట్రోలు బంకు ఇడిసిపెట్టు.
పండ్ల డాక్టరు కాడ ఎడమకు."
జర ఆగి అన్న:
"ఆడ తల ఎత్తి చూడుండ్రి,
పైన నీలపు గుమ్మటం ఉంటది."

ఫోన్ల కాసేపు సప్పుడు లేదు.
తర్వాత
వాళ్ళ బండి వెనక
ఎవడో హారన్ కొట్టిండు.