తల లేని వాక్యం

మండాజీల పొట్లం విప్పి
కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూపించాను ఏడో తరగతికి.
పుస్తకాలు నలభైమందికి తొమ్మిది.
కిసుము బస్సులో వచ్చే పాత పత్రికలు మాత్రం
రేవులో ఏ దుకాణమడిగినా ఉచితం,
నూనె మరకతో, ఏలకుల వాసనతో సహా.

ఇది కథ కాదు, అన్నాను.
అనగనగా ఉండదు.
ఐనా ఎవరో కూర్చుని రాశారు.
ఏది ముందు చెప్పాలో, ఏది మింగెయ్యాలో
తేల్చుకునే రాశారు.

"సరస్సులో కొన్ని చేపలు మృతి చెందినట్లు గుర్తించబడింది.
ఆందోళన అవసరం లేదని తెలియజేయబడింది."
పైన ఫొటో. కోటు తొడిగిన ఒకాయన
నీళ్లవైపు వేలు చూపిస్తున్నాడు.
బొమ్మలో చేప ఒక్కటీ లేదు.

తెలియని మాట కింద ఒక గీత,
నమ్మబుద్ధి కాని మాట కింద రెండు.

ఒబుయా పెన్సిలు 'కొన్ని' దగ్గర ఆగి
కాగితం చిరిగేదాకా అక్కడే తిరిగింది.
"కొన్ని అంటే ఎన్ని, మ్వాలిము?
మా నాన్న పడవకి ఇటుపక్కే
రెండొందల పదకొండు లెక్కపెట్టాను.
కంపుకి ఆగలేక మానేశాను."

పత్రిక అబద్ధమాడిందని వాడి నోట అనిపించడం తేలిక.
అనిపించలేదు.
నీ లెక్క ఎప్పటిది? పొద్దునా, సాయంత్రమా?
పక్కన ఇంకెవరున్నారు?
వాడికి కోపమొచ్చింది. కోపంగానే రాశాడు.

ఆఖరి బెంచీలో అకెయో
ఆవలింత మధ్యలో చెయ్యెత్తింది.
"గుర్తించబడిందట. ఎవరు గుర్తించారు?
తెలియజేయబడిందట. ఎవరికి?
మా ఇంటికెవరూ రాలేదే."

ఆ రెండు క్రియల్నీ బోర్డు మీద వేలాడదీశాను,
ఉప్పు పట్టించిన చేపల్లా.
తలలేవి? అన్నాను.
"కోసేశారు!" అన్నారు నలభైమందీ.

ఆ సాయంత్రం సైకిలు మీద
ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను.

శుక్రవారం
ఆఫీసు గోడ మీది నోటీసును
మేకుతో సహా పీక్కొచ్చింది అకెయో.
"ఫీజు బకాయి ఉన్న విద్యార్థులు
మధ్యాహ్న భోజనానికి అనుమతించబడరు."
చివరి మాట కింద రెండు గీతలు.
పక్కన, సన్నటి అక్షరాల్లో, నేను నేర్పిన ప్రశ్నలే:
రాసిందెవరు? ఎవరి కోసం?
చెప్పకుండా వదిలేసిందేమిటి?

టైపు చేసింది నేను.
'నేను పెట్టనివ్వను' అన్నాడు హెడ్మాస్టరు ఓగోలా.
మర్యాదగా ఉంటుందని
ఆ 'నేను'ని నేనే తీసేశాను.

ఎవరో దగ్గారు.
పైన రేకుల మీద కొంగ నడిచిన చప్పుడు.
ఏడుగురు మాత్రం బల్లల వంక చూస్తున్నారు.
వాళ్లెవరో నాకు తెలుసు,
ఆ జాబితా కూడా నా వేళ్లదే.

సుద్దముక్క తీసి
ఆ వాక్యాన్నే మళ్లీ రాశాను, ఈసారి తలతో:
"ఓగోలా గారు వద్దన్నారు.
అపొండి టీచరు టైపు చేసింది.
ఏడుగురు పిల్లలు తినకుండా కూర్చున్నారు."

ఒబుయా చెయ్యెత్తాడు.
"ఏడుగురన్నది ఎప్పటి లెక్క, మ్వాలిము?
నిన్నటి నుంచి నేను ఎనిమిదోవాణ్ణి.
చేపలు లేవు కదా."

డస్టరు కనబడలేదు.
ఏడును అరచేత్తో తుడిచాను.