మధ్యవర్తుల రిపోర్టు

స్టేషనుకి ఎదురుగా నా జిరాక్సు కొట్టు.
పేజీకి రెండు రూపాయలు, రెండువైపులా అయితే మూడు.
పదకొండేళ్ళుగా ఆ ప్రహరీకి ఇవతల
మిషను చప్పుడు చాటున బతికాను.

శ్రమల కాలం, మూడో బుధవారం.
కూడిక ముగించుకొచ్చి షట్టరు దించబోతుంటే
గోడ అవతల ఒక గొంతు.
అమ్మా అనలేదు, అల్లా అనలేదు.
ఏ పలక మీదా ఎవరూ దిద్దించని అచ్చు అది.

కళ్ళు మండాయి.
మార్చి నెల గుంటూరులో ఎవరి కళ్ళు మండవు,
యార్డునిండా టిక్కీలు, గాలినిండా కోరు,
అని నాకు నేనే చెప్పుకున్నాను.
ఆ రాత్రి గాలి యార్డు వైపునుంచి వీయలేదు.

తెల్లారి ఆనందపాల్ వచ్చాడు,
హెడ్ కానిస్టేబులు, మా సంఘపెద్ద.
మా ఆయన పెట్టెని కొరిటెపాడు దాకా
భుజం మార్చకుండా మోసినవాడు.
"మేరీరత్నం అక్కా, మూడు కాపీలు. ఇక్కడో సంతకం."

నాగుల్ మీరా, పంతొమ్మిదేళ్ళు, మిర్చి యార్డు హమాలీ,
షావుకారు గల్లాలో పోయిన నాలుగు లక్షలు
ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా
ఒప్పుకున్నాడట,
నా సమక్షంలో.

కాగితం నెత్తిన పెద్దక్షరాలు: మధ్యవర్తుల రిపోర్టు.

ఆ మాట నాకు ఆదివారం మాట.
దేవుడికీ మనిషికీ నడుమ ఒక్కడే అని
చిన్నప్పుడు అప్పజెప్పి బిస్కెట్టు గెలుచుకున్న మాట.
ఆ ఒక్కడూ నిలబడింది కొరడాకీ వీపుకీ నడుమ.
ఎటువైపు అని అడగక్కర్లేదు.
వీపు ఆయనదే.

"అధికారం దేవుడు పెట్టిందే కదక్కా" అన్నాడు.
"రేపు బళ్ళో బాంబు ఉందనుకో,
చెప్పాల్సినవాడు నోరు విప్పడనుకో" అన్నాడు.
బాంబు లేదు తమ్ముడూ. బస్తాలు మోసే పిల్లాడున్నాడు.
"డబ్బు దొరికిందా?"
స్టాంపు ప్యాడు మూత తీశాడు, పెట్టాడు.
"ఇంకా లేదు."

తీర్పు చెప్పిన అధిపతి చేతులు కడుక్కున్నాడని
ప్రతి శుభ శుక్రవారం ఏడుస్తూ వింటాం.
ఆ పళ్ళెం ఎవరు పట్టుకొచ్చారు?
చెంబు వంచి నీళ్ళెవరు పోశారు?
ఏ పాస్టరుగారూ వాడి గురించి ప్రసంగం చేయలేదు.
ఎదురుగా కొట్టు పెట్టుకుని ఉంటాడు.
చెంబుకింత అని.

ఇంతకుముందు రెండుసార్లు పెట్టాను సంతకం.
చదవకుండా.
ఇది ఇప్పుడు కూడా
మీకు చెబుతున్నాను గానీ సంఘంలో చెప్పలేదు.

పెన్ను తీసుకుని, సంతకం చోట
నాకు తెలిసిందే రాశాను:
బుధవారం రాత్రి తొమ్మిదీ ఇరవైకి ఈ గోడ అవతల
ఒక మనిషి అరవగా విన్నాను. ఇష్టపూర్వకంగా కాదు.
ఆనందపాల్ చదివాడు. కోప్పడలేదు.
"నీ కొట్టు లైసెన్సు మేలో కదక్కా" అని మాత్రం అన్నాడు.
అతనికి మూడు కాపీలు ఇచ్చాను.
నాలుగోది మిషనులోనే ఉంచుకున్నాను.

మధ్యాహ్నం ఆ పిల్లాడి తల్లి వచ్చింది,
జామీనుకి ఆధార్ కాపీ కావాలని.
రెండు రూపాయలు చేతిలో పెట్టింది.
వద్దని ఉండాల్సింది. తీసుకున్నాను.
అలవాటు ఎంత నీచమైనదో.

ఆదివారం బల్ల దగ్గర
నా పక్కనే మోకరించాడు ఆనందపాల్.
పాస్టరుగారు ఇద్దరి అరచేతుల్లోనూ
ఒకే మాట చెప్పి అప్పం పెట్టారు.
నాలుక మీద కరిగేలోపు అనిపించింది,
ఇది దెబ్బలు తిన్న ఒళ్ళు.
ఇద్దరం మింగాం.
ఆమేన్ అతని నోట ముందొచ్చింది, నా నోట రాలేదు.

నాలుగో కాపీ పాటల పుస్తకంలో మడిచి ఉంది.
మేజిస్ట్రేటుగారికి ఎలా రాయాలో తెలీదు,
అయ్యా అని మొదలుపెట్టాను.
కోర్టు సోమవారం పదిన్నరకి.
షట్టరుకి రెండు తాళాలూ వేశాను.