వెనక కిటికీ

నాకు రెండు కిటికీలు.
అద్దెంతా ముందుదానికే:
తెల్ల ప్రహరీలు, వాటి మీద గాజుపెంకులు,
ఎవరూ దిగని నీలం కొలను,
దాని వెనక, పనేమీ లేనట్టు, అట్లాంటిక్.

రెండోది వంటింట్లో.
తీస్తే ఎండుచేపల పొగ, రేకుల కప్పులు,
కుళాయి దగ్గర బిందెల కొట్లాట.
అందుకే తీసేదాన్ని కాదు.

డకార్ వచ్చిన ఏడో నెలలో
చేపలమ్మే కుంబా మెట్లెక్కి వచ్చింది.
పెద్ద చేపలన్నీ హోటళ్లకి పోయాయట,
నాకు మిగిలినవి ముళ్ల కవళ్లు.
లెక్కపెడుతూ, ఉక్కగా ఉందని ఆ కిటికీ తోసింది.
చెయ్యి అక్కడే ఆగింది.

"అదిగో మా ఇల్లు! అదిగో చిల్లు!"
వచ్చీరాని ఫ్రెంచిలో, నా మోచెయ్యి పట్టుకుని,
"రెండు వానాకాలాలు
కింద వెల్లకిలా పడుకుని వెతికాను దానికోసం."

మర్నాడు తమ్ముడు బిరాం రేకుల మీద, తారుడబ్బాతో.
ఆమె నా వంటింట్లోంచి సగం బయటికి వంగి
చేతులూపుతూ వొలోఫ్‌లో కేకలు.
ఎడమ, కుడి అర్థమయ్యాయి.
తిట్లు ఇంకా బాగా అర్థమయ్యాయి.
పడిపోతుందేమోనని
ఆమె గౌను అంచు గట్టిగా పట్టుకున్నాను,
గుప్పిట నిండా చేపల వాసన.

శుక్రవారం రాత్రి వాన.
ముందు కొలను పొంగి పొర్లుతోంది కాబోలు, చూడలేదు.
వెనక కుర్చీ వేసుకుని
ఒక్క రేకు చప్పుడు వింటున్నాను.
ఏ రేకో నాకు తెలుసు.